చక్కెర నీళ్లు ఎన్ని, ఖాళీ ఫ్రేములు ఎన్ని?

తేనెటీగల పెట్టె కొత్తగా కొన్నవాళ్లు మొదట అడిగేది చక్కెర గురించి. ఎంత పెట్టాలి, ఎన్నాళ్లు పెట్టాలి అని. కొన్ని వారాలయ్యాక జాగా గురించి అడుగుతారు. ఫ్రేము, అంటే ఈగలు మైనపు గదులు కట్టుకునే చెక్క చట్రం, ఎప్పుడు కలపాలి, తేనె కోసం పైన పెట్టే తేనె గది ఎప్పుడు ఎక్కించాలి అని. ఈ రెండింటికీ విడివిడిగా జవాబు చెప్పడం అలవాటైపోయింది కానీ, పెట్టె లోపల తిండికీ జాగాకూ లెక్క ఒక్కటే. అది మైనపు గదుల లెక్క. మనం పోసిన ప్రతి చుక్కా తాగింది పోను ఏదో ఒక గదిలోకి చేరాలి. రాణి పెట్టే ప్రతి గుడ్డుకూ అలాంటి గదే కావాలి.

కొత్త పెట్టె అంటే సాధారణంగా పది ఫ్రేములు పట్టే చోట నాలుగైదు ఫ్రేముల ఇటాలియన్ ఈగలు (పెట్టెల్లో పెంచే విదేశీ రకం), వాటితో ఒక రాణి. ఒక్కో ఫ్రేముకు రెండువైపులా కలిపి ఆరేడు వేల గదులుంటాయి. మంచి రాణి పూల కాలంలో రోజుకు 1,500 గుడ్ల దాకా పెట్టగలదు. గుడ్డు కూలీ ఈగగా మారి బయటికి రావడానికి 21 రోజులు పడుతుంది కాబట్టి, గుడ్డు పడిన గది మూడు వారాల పాటు ఇంకెందుకూ పనికిరాదు. రోజుకు వెయ్యి గుడ్లే అనుకున్నా 21 వేల గదులు, అంటే మూడు ఫ్రేములకు పైగా, పిల్లలకే పోతాయి. పుప్పొడి, తేనె, మనం పోసిన చక్కెర నీళ్లు అన్నీ మిగిలిన ఒకటి రెండు ఫ్రేముల్లో సర్దుకోవాలి.

చక్కెర ఎదురు తిరిగేది ఇక్కడే. కడుపు నిండింది కదా అని కూలీ ఈగలు ఆగవు. దొరికినంత కాలం మోస్తూనే ఉంటాయి, ఖాళీ కనపడిన గదినల్లా నింపేస్తాయి. పొద్దున ఈగ బయటికొచ్చిన గదిలో సాయంత్రానికి తియ్యనీళ్లుంటాయి. రాణి వచ్చి చూసేసరికి జాగా లేదు. పెట్టె బరువెక్కుతుంది, ఓనరుకు సంతోషం, లోపల సంతానం మాత్రం తగ్గుతూ పోతుంది. పని కాలంలో కూలీ ఈగ బతికేది ఆరు వారాలే. పాత ఈగలు రాలిపోయి, వాటి చోటులోకి వచ్చేవి లేవని తెలిసేసరికి నెల దాటుతుంది.

దీన్ని ముందే పసిగట్టాలంటే ఎండ వీపు మీద పడేలా నిలబడి, ఫ్రేమును పట్టుకుని, గదుల అడుగుల్లోకి చూడాలి. గుడ్డు మొదటి రోజు నిటారుగా నిలబడి ఉంటుంది, రెండో రోజు వాలుతుంది, మూడో రోజు అడుగున పడుకుంటుంది. మూడు రకాలూ కనపడితే రాణి రోజూ పని చేస్తోంది, దానికి చోటూ ఉంది. పిల్లల మధ్యలో, గుడ్డు ఉండాల్సిన గదుల్లో తళతళమని ద్రవం మెరుస్తుంటే ఆ రోజే చక్కెర ఆపేయాలి.

మరి కొత్త గదులు ఎవరు కట్టాలి? దాదాపు 12 నుంచి 18 రోజుల వయసున్న కూలీ ఈగలు. వాటి పొట్ట అడుగున నాలుగు జతల మైనపు గ్రంథులుంటాయి. వాటిలోంచి వచ్చే పలచని పెచ్చులను నమిలి మెత్తబరిచి గోడలు కడతాయి. కిలో మైనం తయారవ్వాలంటే ఆరు నుంచి ఎనిమిది కిలోల తేనె ఖర్చవుతుందని అంచనా. కొత్త కుటుంబానికి చక్కెర పెట్టేది ఈ కట్టుబడి కోసమే. లోపలికి తీపి వస్తూ ఉండాలి, పడుచు ఈగలుండాలి, వాటి పక్కనే గదుల అచ్చు పడిన మైనపు షీటు వేసిన ఫ్రేము ఉండాలి. వీటిలో ఒకటి తగ్గినా పని సాగదు. పూలు లేని రోజుల్లో, చక్కెరా పెట్టకుండా షీటు దించితే కట్టడం అటుంచి అంచులు కొరికి పెడతాయి.

కట్టుబడికి పలచటి నీళ్లే మంచివి. కిలో చక్కెరకు లీటరు నీళ్లు, వేడి నీళ్లలో కరిగించి చల్లార్చాలి. ఇందులో నిమ్మరసం పిండి మరిగించడం కొందరికి అలవాటు. ఆ పని వద్దు. పులుపూ వేడీ కలిస్తే చక్కెరలోంచి హైడ్రాక్సీమిథైల్‌ఫర్‌ఫ్యూరాల్ అనే పదార్థం పుడుతుంది. అది ఎక్కువైతే ఈగలకు విషం. బెల్లం చవకే కానీ అందులోని మడ్డి ఈగలకు అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. కొబ్బరిచిప్పలో పోసి, మునిగిపోకుండా గడ్డిపుల్లలు వేసి, పొద్దుగూకాక పెట్టె లోపలే పెట్టాలి. పగలు బయట పెడితే వాసనకు పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి. ఎండకాలం ఇది రెండు రోజుల్లో పులుస్తుంది, అందుకని కొంచెం కొంచెంగానే పోయాలి.

చక్కెరతో పిల్లలు పెరగవు. ఒక్కో కూలీ పిల్లను పెంచడానికి 125 నుంచి 145 మిల్లీగ్రాముల పుప్పొడి కావాలి. మొక్కజొన్న, జొన్న చేలు దగ్గర్లో పూతకొస్తే ఆ దిగులు తీరుతుంది.

ఇక ఎప్పుడు పెట్టాలనేది ఊరి చుట్టూ ఉన్న పంటలను బట్టి తేలుతుంది. బతుకమ్మ రోజుల్లో పాలమూరు, నల్లగొండ గట్లు తంగేడు పూలతో పచ్చబడతాయి. ఇన్ని పూలుండగా చక్కెర ఎందుకని కొత్తవాళ్లు ఆపేస్తారు. తంగేడులో మకరందం చుక్క లేదు. పుప్పొడి ఉన్నా అది కేసరాల కొసన ఉన్న సన్నని రంధ్రంలోంచే రాలుతుంది. రాల్చాలంటే పువ్వును పట్టుకుని ఒళ్లంతా గట్టిగా కంపించాలి. నల్ల తుమ్మెదలకు ఆ విద్య వచ్చు, తేనెటీగలకు రాదు. సాగర్ ఎడమ కాలువ కింద కనుచూపు మేర ఉండే వరిలోనూ మకరందం లేదు.

అదే ఎర్ర చెలకల్లో పత్తి చేను పూత లేనప్పుడు కూడా తిండి పెడుతుంది. ఆకు తిప్పి చూడండి, వెనక నడిమి ఈనె మీద చిన్న గుంట కనిపిస్తుంది. మకరందం అందులోంచి ఊరుతుంది. ఆముదం ఆకు కాడ మీది బొడిపెలదీ ఇదే పని. పూల కోసమే వెతికే మనిషి కంటికి ఇవి ఆనవు. అయితే పత్తి దగ్గర పురుగుమందు భయం ఎప్పుడూ ఉంటుంది, మందు కొట్టే రోజు పక్క రైతును అడిగి తెలుసుకోవాల్సిందే. తర్వాత నారాయణపేట, మక్తల్ వైపు నల్లరేగళ్లలో కంది పూత వస్తుంది. నీళ్లాపి బెట్ట పెట్టిన నల్లగొండ బత్తాయి తోటలు జనవరి, ఫిబ్రవరిలో విరగబూస్తాయి. ఆపైన వేప, కానుగ.

అందుకే వానలు తగ్గుముఖం పట్టాక పెట్టె తెచ్చుకోవడమే నయమంటాను. కంది పూతకొచ్చే దాకా చక్కెరతో ఫ్రేములు కట్టించుకుని, పూత మొదలవగానే ఆపేయొచ్చు. జూన్‌లో తెస్తే ముసురు పట్టిన నెలలన్నీ కొట్లో కొన్న చక్కెర మీదే బతకాలి.

ఫ్రేములు కలిపేటప్పుడు తొందరపడొద్దని పుస్తకాలన్నీ చెబుతాయి. ఖాళీ ఎక్కువైతే పిల్లలకు చలి అని కారణం చూపుతాయి. పిల్లల గూడు 34, 35 డిగ్రీల దగ్గర ఉండాలి కాబట్టి మంచు దేశాల్లో అది నిజమే. మన దగ్గర డిసెంబరు రాత్రులు తప్పిస్తే చలి అంత పెద్ద సమస్య కాదు. ఇక్కడి శత్రువు మైనపు పురుగు. ఈగలు కప్పని పాత నల్ల ఫ్రేము కనపడితే చాలు, గుడ్లు పెట్టి, సొరంగాలు తవ్వి, బూజు అల్లేస్తుంది. అందుకని కట్టిన ఫ్రేములు ఈగలు కాపలా కాయగలిగినన్నే ఉంచి, పక్కన అడ్డుచెక్క పెట్టాలి. చివరి ఫ్రేము బయటి వైపు కూడా ఈగలతో నిండితే ఒకటి కలపాలి, అదీ పిల్లల ఫ్రేముల మధ్యన కాకుండా వాటి పక్కన. మూత వేసిన పిల్లలతో నిండిన ఒక ఫ్రేములోంచి వచ్చే ఈగలు దాదాపు రెండు ఫ్రేములను కప్పుతాయి. కాబట్టి వచ్చే వారం ఎంత జాగా కావాలో ఈ వారమే ఎంచుకోవచ్చు.

ఆలస్యమైనా చిక్కే. కిక్కిరిసిన పెట్టెలో రాణి వాసన ఈగలన్నిటికీ సరిగా అందదు. రాణి ముసలిదో, లేనిదో అన్నట్టుగా ఫ్రేముల కింది అంచుల్లో వేలాడే రాణి గదులు, అంటే కొత్త రాణిని పెంచే గదులు, మొదలవుతాయి. గుడ్డు పడిన ఎనిమిది తొమ్మిది రోజులకు ఆ గదికి మూత పడుతుంది. ఆ సమయానికే పాత రాణి సగం ఈగలను తీసుకుని ఎగిరిపోతుంది. పెరిగే కాలంలో వారానికొకసారి పెట్టె తెరవమనేది ఇందుకే. పుట్టల్లో, చెట్టు తొర్రల్లో దొరికే మన పుట్ట ఈగలతో ఇంకో బాధ ఉంది. తిండి చాలకపోయినా, వేడెక్కినా, పదేపదే కదిలించినా మొత్తం కుటుంబం పెట్టె ఖాళీ చేస్తుంది. వాటి ఫ్రేములు చిన్నవి. ఇటాలియన్ ఈగల కొలతలో చక్కెర పోస్తే రెండు రోజుల్లో గదులన్నీ మునుగుతాయి.

పది ఫ్రేముల్లో ఎనిమిదింటిని ఈగలు కప్పి, పై పట్టీల అంచున కొత్త తెల్ల మైనం కనపడుతుంటే తేనె గది ఎక్కించవచ్చు. అంతకు ముందే చక్కెర పూర్తిగా మానేయాలి. లేకపోతే అమ్మేది తేనె కాదు. ల్యాబులో దొరికిపోవడమూ ఖాయం. గాలిలోని కార్బన్‌ను పట్టుకునే తీరులో చెరకు సి4 అనే రకం మొక్క, మకరందమిచ్చే మొక్కలు ఎక్కువగా సి3 అనే రకం. అందుకని వాటి చక్కెరల్లో కార్బన్-13 (కాస్త బరువైన కార్బన్) పాళ్లు తేడాగా ఉంటాయి.

మే నెలలో లెక్క వెనక్కి తిరుగుతుంది. ఎండ 44, 45 డిగ్రీలకు చేరితే గుడ్లు తగ్గుతాయి, ఈగలు చెల్లాచెదురుగా కనిపిస్తాయి. అప్పుడు ఖాళీ అయిన ఫ్రేములను ఒక్కొక్కటే బయటికి తీసి, పెట్టెను నీడలోకి మార్చి, దగ్గర్లో తొట్టిలో నీళ్లుంచాలి. తీసిన ఫ్రేములను సంచిలో కట్టి మూలకు పడేస్తే వానాకాలానికి బూజే మిగులుతుంది. మైనపు పురుగుకు వెలుతురు, గాలి గిట్టవు. నేరుగా ఎండ తగలని చోట, ఒకదానికొకటి ఆనకుండా తాడుకు వేలాడదీసి అప్పుడప్పుడు చూసుకుంటే, మళ్లీ పెట్టె పెరిగే రోజులకు కట్టిన ఫ్రేములు చేతిలో ఉంటాయి.