ఆ 90 గ్రాములు ఎక్కడికి పోయాయి?

తిరుపతి కొర్లగుంటలో మా ఇంటి ఓనరమ్మ మొన్న పొద్దున్నే నూనె ప్యాకెట్టు, వంటింటి కాటా రెండూ పట్టుకొచ్చింది. "చూడు నాయనా, లీటరు చెనక్కాయ నూనె అని రాసినాడు. గిన్నెలో పోసి తూకమేస్తే 910 గ్రాములే. 90 గ్రాములు కొట్టేసినాడు!"

కొట్టేసిందేమీ లేదు. ప్యాకెట్టు మీద చిన్న అక్షరాల్లో 910 గ్రాములని ఉండనే ఉంది. లీటరంటే కిలో అనే లెక్క నీళ్లది. పాతకాలంలో ఈ తికమక తక్కువ. సోల, తవ్వ, మానిక అంటే కొలత. పలం, వీశె, మణుగు అంటే తూకం. ఇప్పుడు బళ్లో సాంద్రత సూత్రం బట్టీ పట్టిస్తాం గానీ, ఒక్క పిల్లాడి చేతికీ నూనె గ్లాసు, కాటా ఇవ్వం.

"చిక్కగా ఉంటుంది గదా, నీళ్లకన్నా బరువుండాల!" అంది. చిక్కదనం వేరు, బరువు వేరు. మనం వాడే నూనెల్లో జిగటలో ఆముదాన్ని మించింది లేదు. అదీ లీటరు 960 గ్రాములే, నీళ్ల మీద తేలుతుంది.

అసలు సంగతి తిరుమల కొండమీది, దర్శనానికి కాచుకునే క్యూ కాంప్లెక్సులో చూడొచ్చు. ఒక కంపార్టుమెంటే మన లీటరు అనుకోండి. నీటి అణువులు చేతులు పట్టుకుని ఒద్దికగా కూర్చున్న చిన్నపిల్లలు. నూనె అణువు అలా కాదు. గ్లిజరాల్ అనే చిన్న ముక్కకు మూడు కొవ్వు ఆమ్లాల పొడవాటి తోకలు. నీళ్లలా చేతులు పట్టుకోవు, కాస్త ఎడంగా కూర్చుంటాయి, అందుకే లీటరు తేలిక. చెనక్కాయ నూనెలో ఎక్కువగా ఉండేవి 18 కార్బన్ల ఒలియిక్, లినోలియిక్ ఆమ్లాలు. ద్విబంధం, అంటే రెండు కార్బన్ల మధ్య జంట బంధం, ఉన్నచోట తోక వంగుతుంది. అంటే బాసింపట్టేసుకుని మోకాళ్లు చాపిన పెద్దమనిషి. పక్కవాడు వరసగా సర్దుకోలేడు, అందుకే నూనె తొందరగా పేరుకోదు. నెయ్యిలో తిన్నని తోకలెక్కువ. వాళ్లు కాళ్లు బారజాపి పక్కపక్కనే సర్దుకుంటారు, అందుకే చలికి పేరుకుంటుంది.

అదే కంపార్టుమెంటులో డిసెంబరు తెల్లవారుజామున అందరూ దుప్పట్లు కప్పుకుని ముడుచుకుంటారు. మే నెల మధ్యాహ్నం తువ్వాలుతో విసురుకుంటూ మోచేతులు చాపుతారు. గది అంతే, మనిషి బరువూ అంతే, పట్టే జనం మాత్రం తగ్గుతారు. వేడికి నూనె అణువులూ అంతే. లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములు, 60 డిగ్రీల దగ్గర 892.6. డిగ్రీకి సుమారు 0.68 గ్రాములు జారిపోతాయి. ఈ అంకెలు కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో చెప్పినవే. కొందరు తయారీదారులు లేబులు మీద 60 డిగ్రీల దాకా ఉష్ణోగ్రత రాసి లీటరు లెక్క చూపుతున్నారని, ఉష్ణోగ్రత తీసేసి బరువు కూడా వేయమంది. వంటింట్లో నూనె 60 డిగ్రీలకు చేరేది బాండ్లీలోనే కదా!

15 కిలోల డబ్బా కొనేవాళ్లు ధరను 15తో భాగించి లీటరు ప్యాకెట్టు ధరతో పోల్చకండి. 15ను 0.91తో భాగిస్తే దాదాపు 16.5 లీటర్లు.

ఓనరమ్మ శనివారం నూనె ఇంటికి తేదు. ఆ నమ్మకానికి భౌతికశాస్త్రంలో చోటు లేదుగానీ, వేళకు మాత్రం ఉందన్నాను. గానుగ దగ్గర లీటరు గిన్నెతో కొలిచి పోస్తుంటే 40 డిగ్రీల ఎండలో కన్నా 25 డిగ్రీల పొద్దున 10 గ్రాములు ఎక్కువొస్తుంది.

"తూకమేసి ఇచ్చే అంగట్లో?"

"ఎప్పుడు కొన్నా ఒకటే."

"శనివారమైనా?" అని నవ్వి, కాటా చంకన పెట్టుకుని పోయింది.