గొంతులో పరాన్నజీవులు: అపోహలు - వాస్తవాలు

గొంతులో ఏదో పాకుతోందని, అడ్డం పడిందని ఈఎన్‌టీ ఓపీకి వచ్చేవాళ్లలో చాలామందికి అసలు కారణం పైకి తన్నే ఆసిడ్. లేదంటే ముక్కు వెనక నుంచి జారే కఫం, టాన్సిల్ గుంటల్లో పేరుకున్న తెల్లటి ముద్దలు. నిజంగా పరాన్నజీవి ఉండటం బహు అరుదు. అరుదు కాబట్టే దాని సంగతి ఎవరికీ తట్టదు, నెలల తరబడి యాంటీబయాటిక్‌లు మారుతుంటాయి.

అపోహ: షుగర్ లేదు, మనిషి దిట్టంగా ఉన్నాడు, ఇలాంటివి రావు.

వాస్తవం: ఇక్కడ రోగనిరోధక శక్తి కంటే తాగిన నీళ్లు, తిన్న తిండి ముఖ్యం. వాగు నీళ్లు, ఊట నీళ్లు దోసిట్లో పట్టి తాగారా? చెరువులో మునిగి స్నానం చేస్తారా? పచ్చి చేపో, పచ్చి మాంసమో తిన్నారా? ఈ మధ్య ఏ దేశం వెళ్లొచ్చారు? ఈ నాలుగూ అడగకుండా ఎన్ని పరీక్షలు రాసినా దండగే.

అపోహ: జలగ కాళ్లకే పడుతుంది.

వాస్తవం: వడకట్టని నీళ్లతో కంటికి ఆనని పిల్ల జలగ లోపలికి పోయి కొండనాలుక వెనకో, స్వరపేటిక దగ్గరో కరుచుకుంటుంది. నెత్తురు తాగుతూ అక్కడే పెరుగుతుంది. ఉమ్మిలో నెత్తురు, ఒక ముక్కులోంచే రక్తం, కదులుతున్న భావన, గొంతు బొంగురు... ఇవీ గుర్తులు. నోరు తెరిపించి టార్చి వేస్తే కనపడకపోవచ్చు, ఎండోస్కోప్‌తో చూడాలి. వేళ్లతో లాగితే జారుతుంది, గట్టిగా లాగితే తెగి ముక్క లోపలే ఉండిపోతుంది. ముందు మొద్దుబార్చే లిగ్నోకైన్ స్ప్రే కొట్టి, పట్టు సడలాక ఫోర్సెప్స్‌తో (పట్టకారుతో) తీస్తాం. స్వరపేటిక దగ్గరుంటే మాత్రం ఊపిరి గొట్టానికి రక్షణ పెట్టుకుని ఆపరేషన్ థియేటర్లోనే, ఎందుకంటే పట్టు వదిలిన జలగ శ్వాసనాళంలోకి జారొచ్చు. ఇంట్లో ఉప్పునీళ్లు పోసి వదిలించే ప్రయత్నం ఇందుకే వద్దంటాం. జలగ లాలాజలంలో రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం ఉంటుంది కాబట్టి, తీశాక కూడా కాసేపు నెత్తురు కారుతుంది. పిల్లలకు హిమోగ్లోబిన్ చూడాలి. ఇంకో జలగ ఉందేమో వెతకడం మరవకూడదు.

అపోహ: ఆల్బెండజోల్ వేసుకున్నాం, ఇక భయం లేదు.

వాస్తవం: బడుల్లో నులిపురుగుల దినం నాడు ఇచ్చే 400 మిల్లీగ్రాముల ఆ మాత్ర పేగుల్లోని పురుగులకు. నోట్లోంచి ఏలికపాము వచ్చిందంటే అది పేగుల్లోంచి పైకి ఎక్కినదే, దానికి ఈ మందు సరిపోతుంది. జలగకు గానీ, ముక్కులో, గొంతులో కండ పెరిగే, కింద చెప్పే రైనోస్పోరిడియోసిస్ జబ్బుకు గానీ ఇది పనిచేయదు.

అపోహ: కొండనాలుక వెనక ఎర్రటి కండ వేలాడితే పాలిప్, కాకపోతే క్యాన్సర్.

వాస్తవం: తెల్లటి చుక్కలతో స్ట్రాబెర్రీలా ఉండి, ముట్టుకుంటే నెత్తురు కారుతుంటే రైనోస్పోరిడియోసిస్‌ను గుర్తుచేసుకోవాలి. 1900లో బ్యూనస్ ఎయిర్స్‌లో గిల్లెర్మో సీబెర్ దీన్ని వర్ణించాడు. దీనికి కారణమైన సూక్ష్మజీవిని చాలాకాలం ఫంగస్ అనుకున్నారు, 1999 నాటి జన్యు విశ్లేషణ కాదని చూపింది. కేసులు ఎక్కువగా భారత్, శ్రీలంకల్లోనే. మన దగ్గర పశువులతో కలిసి చెరువుల్లో మునిగేవాళ్లకు వస్తుంది, మనిషి నుంచి మనిషికి అంటదు. కల్చర్‌లో (ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్షలో) పెరగదు కాబట్టి కల్చర్ నెగెటివ్ అన్న మాటకు అర్థం లేదు, బయాప్సీలోనే తేలుతుంది. మూలంతో సహా కోసి, మొదలును కాటరీతో మాడ్చాలి. మొదలు మిగిలితే మళ్లీ మొలుస్తుంది. తర్వాత డాప్సోన్ మాత్ర రోజుకు 100 మిల్లీగ్రాములు నెలల తరబడి ఇస్తారు, అయితే ముందు జీ6పీడీ పరీక్ష (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్ తక్కువగా ఉందేమో చూసేది) చేయించకుండా మొదలుపెట్టకూడదు.

అపోహ: నిమ్మరసం, వాసబి (జపాన్ ఘాటు ముద్ద) వేస్తే పచ్చి చేపలో పురుగు చస్తుంది.

వాస్తవం: చావదు. జపాన్, కొరియాల్లో పచ్చి మంచినీటి చేప తిన్నవాళ్ల గొంతులో క్లైనోస్టోమమ్ అనే చదునైన పురుగు అతుక్కుని, విపరీతమైన మంట, దగ్గు తెస్తుంది. ఫోర్సెప్స్‌తో తీస్తే ఉపశమనం. సముద్రపు చేపల్లో ఉండే అనిసాకిస్ రకాల పురుగులు చావాలంటే చేపను మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు గడ్డకట్టించాలి. ఇంటి ఫ్రీజర్ చాలాసార్లు అంత చలికి చేరదు. ఉడికించడమే సులువు. లెబనాన్‌లో పచ్చి మేక కాలేయం తిన్న కొద్ది గంటల్లో గొంతు వాచే ‘హల్జూన్’ కూడా ఈ కోవలోదే. దాన్ని అలర్జీగా పొరబడటం తేలిక.

అపోహ: ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) మామూలుగా ఉంటే పరాన్నజీవి లేనట్టే.

వాస్తవం: జలగకు, రైనోస్పోరిడియోసిస్‌కు ఆ లెక్క పెరగాలని లేదు. కరీబియన్ దీవులు, బ్రెజిల్ నుంచి వచ్చినవాళ్లకు ఆస్తమా మందులకు లొంగని పొడి దగ్గు ఉంటే, స్వరపేటికలో జంటగా అతుక్కుని వై ఆకారంలో ఉండే ఎర్రటి మామ్మోమోనోగామస్ పురుగులు ఉండొచ్చు. గుడ్లు కఫంలో, మలంలో కనిపిస్తాయి. ల్యాబ్‌కు ప్రయాణ వివరాలు రాసి పంపకపోతే కొంకిపురుగు గుడ్లనుకునే ప్రమాదం ఉంది.

దగ్గితే పురుగు బయటపడిందా? టిష్యూ పేపర్లో చుట్టొద్దు, ఎండిపోతే గుర్తుపట్టలేం. శుభ్రమైన సీసాలో సెలైన్ పోసి, అందులో వేసి, అదే రోజు మైక్రోబయాలజీ ల్యాబ్‌కు చేర్చండి. ఊపిరి పీల్చేటప్పుడు కూత వస్తున్నా, నెత్తురు ఆగకపోయినా ఓపీ టోకెన్ కోసం కూర్చోకుండా నేరుగా క్యాజువాలిటీకి వెళ్లాలి.