'మూడ్ రాలేదు మేడమ్': వ్యాయామంపై అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో ఫిజియోథెరపీ క్లినిక్ నడుపుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందివి మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పులే. వ్యాయామాలు చేయించి, కాగితం మీద రాసిచ్చి పంపుతాను. రెండు వారాల తర్వాత "చేశారా?" అంటే తల గోక్కుంటారు. "మూడ్ రాలేదు మేడమ్" అన్న మాట రోజుకు నాలుగుసార్లయినా వింటాను.

అపోహ: ముందు మనసు రావాలి, ఆ తర్వాతే ఒళ్లు కదులుతుంది.

వాస్తవం: తెల్లారగానే వాకిట్లో నీళ్లు చల్లి ముగ్గు పెట్టే ఆవిడ మూడ్ కోసం కూర్చోదు. నిద్ర లేచింది, చీపురు అందుకుంది, అంతే. ఆ పనికి ఒక వేళ, ఒక చోటు ఉన్నాయి.

2002లో బ్రిటన్‌లో 248 మంది విద్యార్థులపై ఒక పరిశోధన జరిగింది. ఒక గుంపుకు ఏమీ చెప్పలేదు. ఇంకో గుంపు చేత, వ్యాయామం చేస్తే గుండెజబ్బు ముప్పు ఎలా తగ్గుతుందో చదివించారు. మూడో గుంపు అది చదవడంతో పాటు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ చేస్తారో కూడా రాసిచ్చింది. మొదటి గుంపులో 38 శాతం, రెండో గుంపులో 35 శాతం మంది ఆ వారం వ్యాయామం చేశారు. మూడో గుంపులో 91 శాతం! ఉత్సాహపరిచే మాటలకు ఫలితం దాదాపు సున్నా అన్నమాట.

ఇది తెలిశాక నేను రాసిచ్చే కాగితం మారింది. ఇదివరకు 'రోజూ రెండు పూటలా' అని రాసేదాన్ని. ఇప్పుడు 'కాఫీ గ్లాసు కింద పెట్టగానే, వంటింటి గట్టు పట్టుకుని, మడమలు 10 సార్లు ఎత్తాలి' అని రాస్తున్నాను. కొండ మీద షిఫ్టు డ్యూటీలు చేసే ఒకాయనకు ఏ టైమూ కుదరలేదు. గడియారం వదిలేసి బస్సుకు ముడిపెట్టాం. ఏ షిఫ్టు నుంచి దిగినా అలిపిరిలో బస్సు దిగి, ఇంటిదాకా నడక. ఆయన ఇప్పటికీ నడుస్తున్నారు.

అపోహ: ఏడాదికి రెండుసార్లు కొండకు నడిచి వెళ్తాం, ఇంకేం కావాలి?

వాస్తవం: ఇది మన ఊరి ప్రత్యేకమైన అపోహ. అలిపిరి దారిలో 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు వైపు నుంచి 2,400 దాకా ఉంటాయి. ఏడాదంతా స్కూటర్ దిగని మనిషి ఒక్కపూటలో అవి ఎక్కితే ఏమవుతుందో సోమవారాలు నా క్లినిక్‌కు వస్తే తెలుస్తుంది. పిక్కలు రాయిలా బిగుసుకుపోయి, గోడ పట్టుకుని నడుస్తుంటారు. ఇది ఒంట్లో చేరిన ల్యాక్టిక్ ఆసిడ్ వల్ల అనుకుంటారు. అది గంట, రెండు గంటల్లోనే తగ్గిపోతుంది. రెండో రోజో మూడో రోజో ముదిరే నొప్పి, అలవాటు లేని పని పడ్డ కండరంలో జరిగిన సూక్ష్మమైన దెబ్బల వల్ల వచ్చేది. ఎక్కడం కంటే మెట్లు దిగడమే తొడ కండరాలను ఎక్కువ నొప్పిస్తుంది. దిగేటప్పుడు బస్సెక్కితే తప్పేం లేదు, పుణ్యం తగ్గదు!

ఇంతకీ నన్ను ఆలోచనలో పడేసింది వేరే విషయం. వారమంతా మూడ్ లేని మనుషులే మొక్కు రోజున తెల్లవారుజామున మూడింటికి ఎలా లేస్తున్నారు? ఆ రోజుకు తేదీ ముందే అనుకున్నారు. బంధువులకు చెప్పేశారు. దారి తెలుసు. పక్కన గోవిందా అనే గుంపు ఉంది. దారిలో నిటారుగా ఉండే మోకాళ్ల మెట్టు దగ్గర కూలబడితే చెయ్యందించే మనిషి ఉన్నాడు. యూనివర్సిటీ గ్రౌండ్‌లో పొద్దున్నే నడవాలన్నా వీటిలో రెండైనా ఉండేలా చూసుకోమంటాను. ముఖ్యంగా, రాకపోతే ఫోన్ చేసి తిట్టే ఒక స్నేహితుడు.

అపోహ: 21 రోజులు చేస్తే అలవాటైపోతుంది.

వాస్తవం: ఆపరేషన్ అయిన రోగులకు తమ కొత్త ముఖం అలవాటు కావడానికి కనీసం 21 రోజులు పడుతోందని ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాశాడు. మాట ఊళ్లు తిరిగేసరికి 'కనీసం' జారిపోయింది. లండన్‌లో 96 మందిని 12 వారాలు గమనించి 2009లో వెలువరించిన పరిశోధనలో, అలవాటు కుదరడానికి మధ్యస్థంగా 66 రోజులు అని తేలింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా (12 వారాలు దాటిన అంకెలు లెక్కగట్టిన అంచనాలు). అంటే 22వ రోజున కూడా బద్ధకంగా ఉందంటే మీలో లోపమేమీ లేదు. అదే పరిశోధనలో ఇంకో మాట నాకు నచ్చింది. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటుకు పెద్దగా నష్టం రాలేదు. మనవాళ్లేమో పెళ్లికెళ్లి రెండు రోజులు మానేస్తే వ్రతభంగమైనట్టు మొత్తం వదిలేస్తారు.

అపోహ: జిమ్‌కు ఏడాది డబ్బు కట్టేస్తే ఆ భయానికైనా వెళ్తాం.

వాస్తవం: నేనూ కట్టాను. రెండో నెల దాటలేదు. అమెరికాలో మూడు జిమ్‌ల లెక్కలు చూసిన ఆర్థికవేత్తలకు కూడా ఇదే కనిపించింది. వెళ్లినప్పుడల్లా 10 డాలర్లు కట్టే వీలున్నా, నెలవారీ చందా కట్టినవాళ్లకు ఒక్కోసారికి 17 డాలర్లకు పైగా పడింది. ఇంటికి దగ్గరగా ఉన్న మామూలు పార్కు, దూరంగా ఉన్న ఏసీ జిమ్ కంటే మేలు.

అపోహ: 10 వేల అడుగులు వేయలేకపోతే దండగ.

వాస్తవం: 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక పరికరానికి పెట్టిన పేరు నుంచి వచ్చిన అంకె ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల చురుకైన నడక లాంటి శ్రమ, రెండు రోజులు కండరాలకు పని. ఒక్కో దఫా కనీసం 10 నిమిషాలు ఉండాలన్న పాత షరతు కూడా 2020లో తీసేశారు. మే నెల ఎండల్లో, నవంబర్ వానల్లో ఇంట్లోనే ఐదేసి నిమిషాలు చేసినా లెక్కలోకి వస్తుంది.

షుగర్ ఉన్నవాళ్లకు రెండు మాటలు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు పరగడుపున ఎక్కువసేపు నడిచే ముందు డాక్టర్‌ను అడగండి. అరికాళ్లు తిమ్మిరిగా ఉండేవాళ్లు కాలిన బండల మీద చెప్పుల్లేకుండా మెట్లెక్కితే బొబ్బ లేచినా తెలియదు. ఆ పుండు మానేదాకా నడక నెలల తరబడి ఆగిపోతుంది. ఎండెక్కక ముందే ఎక్కండి, ఇంటికి రాగానే లైటు కింద కూర్చుని పాదాలు చూసుకోండి. సరిగా కనిపించకపోతే పిల్లల్ని చూడమనండి.