దశమి నాడు బోటెక్కుదాం

చిరంజీవులు పెద్దోడికి, చిన్నోడికి, బుజ్జమ్మకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్నోడు అడిగాడు, "తాతయ్యా, మేం దిగిన మర్నాడే బోటెక్కొచ్చు కదా, బహుళ దశమి దాకా ఎందుకు ఆగడం?" అని. మంచి ప్రశ్న. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదని ఇలా రాస్తున్నాను. ముగ్గురూ కలిసి చదువుకోండి.

నేనుండే వేమత్ ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, డోర్సెట్‌లో ఉంది. మా ఫిషింగ్ క్లబ్బు వాళ్ళం నెలకో రెండు నెలలకో ఒకసారి బోటు మాట్లాడుకుని సముద్రం మీదికి వెళ్తాం. వలలుండవు. మనిషికో గాలం కర్ర, అంతే. ఇలాంటి అద్దె బోట్లలో పన్నెండు మందికి మించి ఎక్కించుకోకూడదని ఇక్కడ నిబంధన. నడిపేవాణ్ణి స్కిప్పర్ అంటారు. మన వైపు సరంగు అంటామే, ఆయనే. ఎవరు ఎక్కడ నిలబడాలో పొద్దున్నే చీటీలు తీస్తారు. బోటు వెనకభాగం దొరికితే అదృష్టమని అందరికీ ఆశ. అందుకే మధ్యాహ్నం చోట్లు మార్చుకుంటాం.

ఇక దశమి సంగతి. మా వంటింటి గోడకు మీ అమ్మమ్మ వేలాడదీసిన తెలుగు క్యాలెండర్ ఉంది. తను దాన్ని పండగల కోసం చూస్తుంది, నేను పోటుపాట్ల కోసం చూస్తాను. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలోకి వస్తాయి. ఇద్దరి లాగుడూ కలిసి సముద్రం బాగా పొంగుతుంది, బాగా తీస్తుంది. అష్టమికి చంద్రుడు ఒక పక్క, సూర్యుడు ఇంకో పక్క లాగుతారు కాబట్టి ఆ జోరు తగ్గుతుంది. అయితే సముద్రం ఆ మాట వినడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అందుకని నీళ్ళు అన్నిటికంటే నెమ్మదిగా నడిచేది నవమి, దశమి రోజుల్లో. భీమిలిలో నా చిన్నప్పుడు వేటకెళ్ళే పెద్దలు తిథులు లెక్కపెట్టుకోవడం చూసి అదేదో ముహూర్తం అనుకునేవాణ్ణి. దాని వెనకున్న లెక్క ఇక్కడికొచ్చాక అర్థమైంది.

మా ఊరి పక్కనే పోర్ట్‌లాండ్ అనే రాతి దీవి ఉంది, దక్షిణపు కొసన ఎర్ర పట్టీ ఉన్న తెల్లటి దీపస్తంభం. పౌర్ణమి రోజుల్లో ఆ కొస చుట్టూ నీళ్ళు గంటకు 12 కిలోమీటర్లకు పైగా వేగంతో పరుగెడతాయి. గాలి లేని రోజున కూడా అక్కడ అలలు లేచి ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. అలాంటి నీళ్ళలో అరకిలో సీసం కట్టినా గాలం అడుక్కి చేరదు, జెండాలా వెనక్కి తేలిపోతుంది. దశమి నాడు పావుకిలో చాలు. మీ చేతులకు అంతకన్నా బరువు ఇవ్వను.

ఆ దీవికి తూర్పున షాంబుల్స్ అనే ఇసుక దిబ్బ నీళ్ళ అడుగున ఉంది. 1805 ఫిబ్రవరి 5న ఈస్టిండియా కంపెనీ ఓడ ఒకటి, పేరు ఎర్ల్ ఆఫ్ అబెర్గవెన్నీ, బెంగాల్ మీదుగా చైనాకు బయల్దేరి, ఈ దిబ్బకు తగిలి మునిగిపోయింది. 250 మందికి పైగా చనిపోయారు. దాని కెప్టెన్ జాన్ వర్డ్స్‌వర్త్, పెద్దోడి ఇంగ్లీషు పుస్తకంలో డాఫోడిల్ పూల పద్యం రాసిన కవికి స్వయానా తమ్ముడు. ఆయనా అందులోనే పోయాడు. మన దేశానికి రావలసిన ఓడ మా ఊరి ముందు మునిగిందని తలుచుకుంటే, ఆ వైపు వెళ్ళినప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది.

మునిగిన ఓడలు ఈ ఇంగ్లిష్ చానెల్లో ఎన్నో. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయినవే ఎక్కువ. చుట్టూ చదునైన ఇసుక, మధ్యలో ఇనుప గూడు. చిన్న చేపలు దాక్కోవడానికి చేరతాయి, వాటి కోసం పెద్దవి వస్తాయి. పొలాక్ అనే చేప ఎక్కువగా దొరికేది ఇలాంటి చోట్లే. గోధుమ, బంగారు రంగుల వీపు, పెద్ద కళ్ళు. స్కిప్పర్ బోటును ఓడకు ఎగువన ఆపి, ఇంజన్ తగ్గించి, నీటి వాలుకు వదిలేస్తాడు. లోతు చూపే యంత్రం తెర మీద అడుగున ఓడ మూపురంలా కనబడగానే కేకేస్తాడు. అప్పుడు గాలం వదలాలి. సీసం టక్కున నేలకు తగిలిన క్షణం తెలుస్తుంది, వెంటనే రెండు చుట్లు లాగెయ్యాలి, లేకపోతే ఇనుముకు చిక్కుకుంటుంది. తర్వాత ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ నెమ్మదిగా చుట్టాలి. పన్నెండో చుట్టు దగ్గర కర్ర కొస చిన్నగా వణుకుతుంది. గట్టిగా లాగొద్దు. ఆగకుండా అదే వేగంతో చుట్టండి. ఉన్నట్టుండి కర్ర నీళ్ళ దాకా వంగిపోతుంది, దారం గిర్రున పోతుంది. చేప తిరిగి తన గూడు వైపు దూకుతోందన్నమాట.

పిల్లలూ, ఈ ఉత్తరంలో నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఈ పొలాక్ గురించే. క్లబ్బులో చేరిన మొదటి ఏడాది నేను ఒకదాన్ని పట్టాను. అప్పటికే నా పెట్టెలో రెండు ఉన్నాయి, చాలనిపించి గాలం తీసి నీళ్ళలో వదిలాను. అది దిగలేదు. పొట్ట బంతిలా ఉబ్బి, నోట్లోంచి ఎర్రటి సంచిలాంటిదేదో బయటికొచ్చి, వెల్లకిలా తేలుతూ తోక మాత్రం కొట్టుకుంటోంది. ఒక సముద్రపు కాకి వచ్చి దాని పక్కన వాలింది. నేను చేతిసంచితో అదిలిస్తూనే ఉన్నాను, బోటు దూరం జరిగిపోయింది.

పక్కనున్న పెద్దాయన అప్పుడు వివరించాడు. ఆ చేప ఒంట్లో గాలితిత్తి ఉంటుంది. దానితోనే అది నీళ్ళలో తేలిక సర్దుకుంటుంది. పైన మన మీద ఒక వాతావరణపు ఒత్తిడి. ప్రతి 10 మీటర్ల లోతుకీ ఇంకొకటి కలుస్తుంది. 50 మీటర్ల అడుగున ఆరు రెట్లు. అక్కణ్ణుంచి రెండు నిమిషాల్లో పైకి లాగితే తిత్తిలోని గాలి ఆరింతలు కావాలని చూస్తుంది. ఆ గాలిని చప్పున వదిలేసే దారి దానికి లేదు. డాక్టరుగా ముప్పై ఏళ్ళు పనిచేసిన నాకు అది ముందే తట్టి ఉండాల్సింది.

కాబట్టి లోతులో పట్టిన పొలాక్‌ను వదిలేయడమన్నది చాలాసార్లు మాటవరసకే. చాలనుకున్నప్పుడు చేపను వదలడం కాదు, ఆ చోటునే వదలాలి. మా క్లబ్బు ఇప్పుడు అదే చేస్తోంది. తలా ఒకటో రెండో రాగానే స్కిప్పర్‌తో చెప్పి ఇసుక దిబ్బల వైపు వెళ్ళిపోతాం. పొలాక్ బాగా తగ్గిపోయింది. 2024 సంవత్సరానికి ఈ నీళ్ళలో దాన్ని అసలు పట్టవద్దని శాస్త్రవేత్తలు సలహా ఇచ్చేదాకా వచ్చింది. మీరు బయల్దేరే రోజుల్లో మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం నడుస్తుంటుంది కదా. కుటుంబాలు పోషించుకోవాల్సిన వాళ్ళే అరవై ఒక్క రోజులు ఒడ్డున కూర్చుంటున్నారు. సరదాకి వెళ్ళే మనం ఒక చోటు వదిలి ఇంకో చోటికి పోవడం ఎంత పని?

ఇసుక మీద దొరికే టేకు చేపలకీ, సొరలకీ గాలితిత్తి ఉండదు. తడిచేతుల్తో పట్టుకుని వదిలితే హాయిగా దిగిపోతాయి. ఇక్కడి మాకరెల్‌కీ ఉండదు, అందుకే అది ఆగకుండా ఈదుతూనే ఉండాలి. అది మన కానాగంతకు చుట్టం, నీలం ఆకుపచ్చ కలిసిన వీపు మీద నల్లటి చారలు. బాస్ అని, మన పండుగప్పలా ఉండే వెండిరంగు చేప ఒకటుంది. 42 సెంటీమీటర్లకు తక్కువుంటే వదిలేయాలి. కొలబద్ద బుజ్జమ్మ చేతికిస్తాను.

ఒక చేపను మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు, నన్ను పిలవండి. వీవర్ అంటారు, జానెడు ఉంటుంది, వీపు మీద ముందు రెక్క నల్లగా. ఆ ముళ్ళలో విషం. జెల్ల ముల్లు గుచ్చుకుంటే ఎంత మంటో మీ నాన్నను అడగండి, ఇది అంతకన్నా ఎక్కువ. ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో అరగంటైనా చెయ్యి ముంచి ఉంచితే ఆ విషం విరుగుతుంది. అందుకే నా సంచిలో ఎప్పుడూ ఫ్లాస్కుతో వేడినీళ్ళుంటాయి. ముందు మోచేత్తో వేడి చూసి గానీ చెయ్యి పెట్టనివ్వను.

వాంతుల గురించి టెన్షన్ పడకండి. ముందు రాత్రే మాత్ర ఇస్తాను. పొద్దున ఖాళీ కడుపుతో రావద్దు, ఇడ్లీ తినండి. తిప్పుతున్నట్టుంటే గదిలోకి వెళ్ళి పడుకోకుండా, బయట నిలబడి నీళ్ళూ ఆకాశం కలిసే గీత వైపు చూడండి. లైఫ్ జాకెట్ రేవు నుంచి రేవు దాకా విప్పేది లేదు. ఇది పెద్దోడికి కూడా.

ఇన్ని చెప్పినా, ముందు రాత్రి రేడియోలో ఓడల వాళ్ళ వాతావరణ సూచన వింటాను. పోర్ట్‌లాండ్ అన్న పేరు తర్వాత గాలి బలం ఆరు అన్నారంటే ప్రయాణం ఆగిపోతుంది. అప్పుడు ఎవరూ మొహం ముడుచుకోవద్దు, ఒడ్డు నుంచే గాలం వేద్దాం.

వచ్చేటప్పుడు అరకిలో పాత చింతపండు తీసుకురండి. మాకరెల్ పులుసుకి ఇక్కడి డబ్బా గుజ్జు పనికిరాదు. బుజ్జమ్మ పాదం కాగితం మీద పెట్టి గీత గీసి ఫొటో పంపండి, రబ్బరు బూట్లు ఈ శనివారమే కొనాలి.

మీ తాతయ్య