గల్ఫ్‌లో గొడవ, బంకు ముందు క్యూ: అపోహలు - వాస్తవాలు

మాలాంటి పెట్రోల్ బంకు నడిపేవాళ్లకి గల్ఫ్‌లో ఏ చిన్న గొడవ జరిగినా టీవీ కంటే ముందు ఫోన్ చెబుతుంది. "రేపటి నుంచి పెట్రోల్ ఉండదట, నిజమేనా అన్నా?" ఎవరు చెప్పారంటే గ్రూపులో వచ్చిందంటారు.

అపోహ: గల్ఫ్ చమురు ఓడలు బయటికొచ్చే సన్నటి సముద్రదారి హర్మూజ్ జలసంధి మూసేస్తే తెల్లారేసరికి బంకులు ఖాళీ.

వాస్తవం: మన క్రూడ్‌లో (ముడి చమురులో) 85 శాతానికి పైగా దిగుమతే. కానీ అదంతా ఒకే దారిలో రాదు. ఇరాక్, సౌదీలతో పాటు రష్యా, అమెరికా, ఆఫ్రికా దేశాల దగ్గరా కొంటున్నాం. 2022కి ముందు మన దిగుమతుల్లో రష్యా వాటా నామమాత్రం, 2023-24కల్లా మూడో వంతు దాటింది. పైగా అత్యవసరానికి దాచుకునే నిల్వలున్నాయి: విశాఖలో రాతిని తొలిచి కట్టిన గుహల్లో 13.3 లక్షల టన్నుల క్రూడ్ పడుతుంది. కర్ణాటకలోని మంగళూరు, పాదూరు గుహలు కూడా కలిపితే 53.3 లక్షల టన్నులు, అంటే దేశానికి తొమ్మిది, పది రోజుల అవసరం. కంపెనీల ట్యాంకులతో కలిపి నిల్వ సామర్థ్యం 74 రోజులని ప్రభుత్వ లెక్క. ధర పెరగొచ్చు, టెన్షన్ ఉంటుంది. తెల్లారేసరికి మాత్రం ఖాళీ కాదు.

బంకును ఖాళీ చేసేది పుకారు. 2024 జనవరి 2న హైదరాబాద్‌లో చూశాం. ప్రమాదం చేసి పారిపోయే డ్రైవర్లకు శిక్ష పెంచిన హిట్ అండ్ రన్ చట్టంపై నిరసనగా డ్రైవర్లు ట్యాంకర్లు ఆపేశారు. డిపోల్లో సరుకు ఉంది, లోడ్ రావడమే ఆగింది. రోజూ వంద రూపాయలకు కొట్టించే బండి ఆ రోజు ఫుల్ ట్యాంక్ అడిగింది. ట్యాంకులో ఎంత ఉందో కొలిచే డిప్ రాడ్ దించిన ప్రతిసారీ తడి గుర్తు కిందికి జారింది, సాయంత్రానికి నో స్టాక్ బోర్డు పెట్టాం. ఆ రాత్రే చర్చలు జరిగి సమ్మె ఆగింది. అంతకుముందు క్యూలో ఒకావిడ, "మా ఆయనకి రేపు డయాలసిస్ ఉంది బాబూ" అంటూ ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ చాపింది. ఆవిడ భయం నాకు అర్థమైంది. స్కూటీలో పోయించి పంపాను, క్యాన్‌లో మాత్రం పోయనివ్వలేదు. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు. నేల మీద పాకుతూ వంటగదిలో పొయ్యి దాకా వెళ్తుంది. దయచేసి ఇంట్లో దాచకండి.

అపోహ: మన కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లో చమురు ఉంది కదా. వాస్తవం: అక్కడిది ఎక్కువగా గ్యాస్, క్రూడ్ అవసరానికి ఏ మూలకూ చాలదు.

అపోహ: ఎలక్ట్రిక్ బండ్లొస్తే చింతే లేదు. వాస్తవం: వాటి బ్యాటరీ సెల్స్‌కి చైనా మీద ఆధారపడుతున్నాం.

అపోహ: ఇబ్బందొస్తే ముందు పెట్రోల్‌కే. కాదు, వంటగ్యాస్‌కి. మనం వాడేదాంట్లో సగానికి పైగా దిగుమతి, అందులో ఎక్కువ భాగం గల్ఫ్ నుంచే వస్తోంది. క్రూడ్‌కి ఉన్నన్ని దారులు దీనికి లేవు. అందుకే నన్నడిగితే క్యాన్లు పక్కన పెట్టి ఇంట్లో ఒక ఇండక్షన్ స్టవ్ ఉంచుకోమంటాను. దానికి కావాల్సిన కరెంటు ఎక్కువగా సింగరేణి లాంటి మన గనుల బొగ్గు మీదే నడుస్తుంది.