‘కష్టం ఉందా?’ అని అడిగితే: వైకల్య ప్రశ్నావళిపై అపోహలు - వాస్తవాలు

నేను హనుమకొండలో ఫిజియోథెరపిస్టును. మోకాళ్ల అరుగుదల, పక్షవాతం, నడుము నొప్పి ఉన్నవారు రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలుగుతున్నారో వారి మాటల్లోనే నమోదు చేసే ప్రశ్నావళిని తెలుగులో తయారుచేసే పనిలో కొన్నేళ్లుగా ఉన్నాను. ఈ పని గురించి తోటి వైద్యుల నుంచి, పీజీ విద్యార్థుల నుంచి పదేపదే వినిపించే కొన్ని అభిప్రాయాలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: “వైకల్యం ఉందా, లేదా అని సూటిగా అడిగితే చాలు.”

వాస్తవం: సూటిగా అడిగితే చాలామంది లేదనే చెబుతారు. 2011 జనాభా లెక్కల్లో వైకల్యం ఉందా అని అడిగి, ఉంటే అది ఏ రకమో నమోదు చేశారు. దేశం మొత్తం మీద 2.68 కోట్ల మంది, అంటే జనాభాలో 2.21 శాతం తేలారు. అదే సంవత్సరం ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు కలిసి వెలువరించిన నివేదిక ప్రపంచ జనాభాలో ఈ వాటా దాదాపు 15 శాతమని అంచనా వేసింది. ఈ అంతరం అంతా ప్రశ్న వల్లే వచ్చిందని నేననను గానీ, ప్రశ్న పాత్ర చిన్నదేమీ కాదు. ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం కింద 2001లో ఏర్పడిన వాషింగ్టన్ గ్రూప్ రూపొందించిన ఆరు ప్రశ్నల్లో ‘వైకల్యం’ అనే మాటే రాదు. చూడటం, వినడం, నడవడం లేదా మెట్లెక్కడం, గుర్తుంచుకోవడం, స్నానం చేసి బట్టలు కట్టుకోవడం, చెప్పింది ఎదుటివారికి అర్థమయ్యేలా చేయడం ఎంత కష్టమవుతున్నాయన్నదే వాటిలో ఉంటుంది. గోడ పట్టుకుని నడుస్తున్న ఒక పెద్దావిడ నాతో, “నాకు అవిటితనం ఏం లేదు బిడ్డా, ముసల్తనమే” అన్నారు. ఆమె మాటలో అబద్ధమేమీ లేదు, తప్పు ప్రశ్న అడిగింది నేను.

అపోహ: “మంచి ఇంగ్లీషు ప్రశ్నావళి ఉన్నప్పుడు దాన్ని జాగ్రత్తగా అనువదించి, తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి సరిచూసుకుంటే సరిపోతుంది.”

వాస్తవం: ఈ అపోహ వల్ల నేను పోగొట్టుకున్నంత కాలం మరి దేనివల్లా పోగొట్టుకోలేదు. మా మొదటి ప్రతిలో ప్రతి పనికీ “ఈ పని చేయడంలో మీకు ఎంత కష్టం ఉంది?” అని రాశాం. తిరుగు అనువాదంలో మూలంలోని ఇంగ్లీషు మాటే వచ్చింది, అందరం సంతోషించాం. తీరా పరకాల వైపు ఒక ఊళ్లో అడిగితే, పొలం పని దగ్గరకు వచ్చేసరికి ఒకావిడ, “కష్టం చెయ్యకపోతే ఎట్ల ఎల్లుతది?” అని నన్నే ఎదురడిగారు. మన దగ్గర కష్టం అంటే ఒళ్లు వంచి చేసే పని. కష్టం చేసుకుని బతకడం గౌరవం. ఆమె గట్టిగా పని చేసుకోగలుగుతున్నానని చెబుతుంటే, మా కాగితం మీద ఆమెకు తీవ్రమైన ఇబ్బంది ఉన్నట్టు టిక్కు పడింది. సరే, ‘ఇబ్బంది’ అని మారుస్తే చేతిలో పైసలు లేని సంగతులు మొదలయ్యాయి. వడ్డీకి తెచ్చిన అప్పు గురించి పది నిమిషాలు విన్న తర్వాత గానీ మాకు పొరపాటు అర్థం కాలేదు. చివరికి నామవాచకాన్ని వదిలేసి, “ఈ పని మీరు ఒక్కరే చేసుకుంటారా? చేసుకుంటే ఎంత భారమవుతుంది?” అని రెండు ముక్కలుగా అడగడం దగ్గర కుదిరింది. ఇటువంటి లోపాన్ని తిరుగు అనువాదం పట్టివ్వదు, ఎందుకంటే అనువాదకులిద్దరూ చదువుకున్నవారే, వారిద్దరి తెలుగూ ఒకటే. ప్రశ్న వినిపించి, “ఇప్పుడు నేనేమడిగానో మీ మాటల్లో చెప్పండి” అని ఒక్కొక్కరి దగ్గర కూర్చుని అడిగితేనే అది బయటపడుతుంది.

మాటలు కుదిరినా పనులు కుదరాలి. కీళ్లవాతం ఉన్నవారి కోసం 1980లో స్టాన్‌ఫర్డ్‌లో వచ్చిన హెచ్‌ఏక్యూ ప్రశ్నావళి తొట్టి స్నానం గురించి, కారు తలుపు తెరవడం గురించి అడుగుతుంది. మన దగ్గర మోకాలి నొప్పి ముందుగా తెలిసేది గొంతుక్కూర్చున్నప్పుడు, బాసిపట్టు వేసుకుని అన్నానికి కూర్చున్నప్పుడు, పత్తి ఏరుతూ పూటంతా వంగి నిలబడ్డప్పుడు. తొట్టిని తీసేసి బకెట్ స్నానం పెడదామంటే, తొట్టి అంచు దాటడానికి కాలు ఎత్తాలి, పీట మీద స్నానానికి మోకాలు పూర్తిగా మడవాలి. రెండూ ఒకే బరువున్న ప్రశ్నలు కావు. అలా మార్చిన తర్వాత వచ్చిన మొత్తాన్ని విదేశీ పత్రికల్లోని మార్కులతో పోల్చి పట్టిక వేయడం సరికాదు.

అపోహ: “రోగి చెప్పింది నమ్మలేం, డాక్టరు కొలిచిందే నిజం.”

వాస్తవం: గోనియోమీటరుతో మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో నేను కొలవగలను, ఆ మోకాలితో ఆమె తన ఇంటి గడప దాటుతుందో లేదో కొలవలేను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆమోదించిన ఐసీఎఫ్ (మనుషుల పనితీరు, వైకల్యాల వర్గీకరణ) చేయగల శక్తిని, వాస్తవంగా చేస్తున్న పనిని విడివిడిగా చూడమంటుంది. ప్రశ్నావళిలో ఎక్కువ తికమక ఈ రెంటి మధ్యే వస్తుంది. “వంట చేయడం భారమా?” అంటే “లేదు, కోడలు చేస్తది” అనే జవాబు ఎన్నిసార్లు విన్నానో. దానికి సున్నా వేస్తే తప్పు, ‘అసలు చేయలేరు’ అని వేసినా తప్పే. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి హూడాస్ 2.0 ప్రశ్నావళి గడిచిన 30 రోజుల్లో ఆ పని ఎదురుపడకపోతే దానికి మార్కు వేయవద్దంటుంది. అయితే ఆరోగ్యం బాగాలేక మానుకున్నారా, ఇంటి పద్ధతి ప్రకారం మానుకున్నారా అన్నది అడిగేవారు ఇంకో ప్రశ్న వేసి తేల్చుకోవలసిందే.

రోగి మాటను నిజంగా వంచేది మరొకటి ఉంది. కాగితం, పెన్ను పట్టుకుని ఇంటికి వెళితే మొదట వినిపించేది “పింఛన్ కోసమా?” అన్న ప్రశ్న. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం చాలా ప్రయోజనాలకు 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం కావాలి కనుక, ఆ ఆశ ఉన్నచోట జవాబులు ఎక్కువ వైపు జరుగుతాయి, ఎదురుగా కొడుకు నిలబడి ఉంటే తక్కువ వైపు జరుగుతాయి. అందుకని ఈ జవాబులకూ వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరానికీ సంబంధం లేదని ముందే చెప్పి, వీలైనంతవరకు ఒంటరిగా ఉన్నప్పుడు అడుగుతాం.

అపోహ: “ప్రశ్నలు ఎక్కువైతే కొలత కచ్చితంగా వస్తుంది.”

వాస్తవం: హూడాస్‌లో 36 ప్రశ్నల రూపం, 12 ప్రశ్నల రూపం రెండూ ఉన్నాయి, చిన్న రూపం పెద్దదాని మార్కుల్లోని తేడాల్లో 81 శాతాన్ని వివరిస్తుంది. ఇక ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా 0.97 వచ్చిందని థీసిస్‌లో గర్వంగా రాసేవారికి ఒక మాట: 0.95 దాటిందంటే చాలావరకు ఒకే ప్రశ్నను రకరకాలుగా అడిగారని అనుమానించాలి.

అపోహ: “ఏమీ లేదు, కొంచెం, మధ్యస్థం, తీవ్రం, చేయలేను అనే ఐదు జవాబులు ఎవరికైనా అర్థమవుతాయి.”

వాస్తవం: ‘మధ్యస్థం’ అనే మాటను నా పేషెంట్లలో ఎవరూ వాడగా నేను వినలేదు. కార్డు మీద ముఖాల బొమ్మలు చూపిస్తే, అవి సంతోషానికీ దుఃఖానికీ గుర్తులనుకుని కొడుకు దుబాయికి వెళ్లిన బెంగ చెప్పినవారున్నారు. దారి ఒక తాత చూపించారు. మందులు పనిచేస్తున్నాయా అని అడిగితే, “రూపాయిల బారాణ తగ్గింది” అన్నారు. చారాణ (పావలా), ఆఠాణ (అర్ధరూపాయి), బారాణ (ముప్పావలా), రూపాయి, వీటికి ముందు ఏమీ లేకపోవడం: లెక్కపెడితే సరిగ్గా ఐదు మెట్లు! యాభై దాటినవారితో ఇది చక్కగా నడిచింది, పాతికేళ్ల వారికి మాత్రం బారాణ అంటే ఏమిటో మేమే చెప్పాల్సి వచ్చింది. పైగా రూపాయి లెక్కలో మెట్లు సమానంగా కనిపిస్తాయి గానీ జవాబుల్లో అవి సమానం కావు. ఆఠాణ భారం నుంచి బారాణకు రావడం, బారాణ నుంచి అసలు లేవలేకపోవడం ఒకే దూరం కాదు. 24 మార్కులు వచ్చినవారికి 12 వచ్చినవారికంటే రెట్టింపు వైకల్యం ఉందని రాయకూడదన్నది ఇందుకే. ఆ దూరాలను సరిచేయడానికి రాష్ పద్ధతి వంటి గణాంక విధానాలు ఉన్నాయి, వాటికి తగినంత మంది జవాబులు కావాలి.

అపోహ: “రెండు వారాల తర్వాత మళ్లీ అడిగితే అవే జవాబులు రావాలి, రాకపోతే ప్రశ్నావళి చెడ్డది.”

వాస్తవం: మేమూ అలాగే అనుకున్నాం. మొదటి విడత బతుకమ్మ పండుగకు ముందు, రెండో విడత దసరా దాటాక చేశాం. మార్కులు బాగా మారిపోయాయి. ప్రశ్నలు తిరగరాయడానికి కూర్చున్నాక, జవాబు మారినవారి జాబితా చూస్తే దాదాపు అందరూ ఆ మధ్య పత్తి ఏరడానికి వెళ్లినవారే. మారింది వారి నడుము. ప్రశ్నావళి దాన్ని ఉన్నదున్నట్టు పట్టుకుంది. పునఃపరీక్ష ఆరోగ్యం నిలకడగా ఉన్నవారిలోనే చేయాలన్న నియమం పుస్తకంలో చదివే ఉన్నాం, పంటల క్యాలెండరు పక్కన పెట్టుకోవాలని మాత్రం తట్టలేదు. ఇప్పుడు రెండో విడతలో అన్నిటికంటే ముందు, “పోయినసారి మేం వచ్చినప్పటి నుంచి మీ ఒంట్లో గానీ, చేసే పనిలో గానీ ఏమన్నా మార్పు వచ్చిందా?” అని అడిగి, లేదన్నవారి జవాబులనే లెక్కలోకి తీసుకుంటున్నాం.