బ్యాకప్‌కు వేరే నెట్‌వర్క్ కార్డు: అసలు మలుపు 2012లోనే వచ్చింది

సర్వర్లు మార్చే సమయం వచ్చిందంటే చాలు, ఈ పేచీ మళ్లీ లేస్తుంది. కొత్త సర్వర్లలో 25 గిగాబిట్ పోర్టులు రెండేసి ఉంటున్నాయి, ఇంకా డేటాబేస్ బ్యాకప్ కోసం విడిగా ఒక కార్డు, ఒక కేబుల్, ఒక సబ్‌నెట్ (నెట్‌వర్క్‌లో విడి ఐపీ అడ్రసుల గుంపు) ఎందుకు, తీసేద్దాం అని నెట్‌వర్క్ టీమ్ అంటుంది. ముట్టుకోవద్దు అని డీబీఏలు (డేటాబేస్‌లు చూసుకునే అడ్మిన్లు) అంటారు. రెండు వైపులా పాత అనుభవాలున్నాయి, కానీ చాలాసార్లు ఇద్దరూ ఒకే సంఘటనను గుర్తు చేసుకుని రెండు వేర్వేరు కారణాలు చెబుతుంటారు. అందుకే కాస్త వెనక్కి వెళ్లాలి.

టేపు డ్రైవు నేరుగా సర్వర్‌కే తగిలించిన రోజులు, 100 మెగాబిట్ లైను మీద తెల్లారేదాకా నడిచిన బ్యాకప్‌లు వదిలేస్తున్నాను, అవి అందరికీ తెలిసినవే. ఒక్క లెక్క చాలు. గిగాబిట్ లైను మీద నిజంగా చేతికొచ్చేది సెకనుకు 110 ఎంబీ చిల్లర. 1 టెరాబైట్ పంపాలంటే రెండున్నర గంటలు, అంతసేపూ లైను నిండిపోయి ఉంటుంది. అందుకే రెండో కార్డు వచ్చింది. పద్ధతి కూడా తేలికే: దానికి వేరే సబ్‌నెట్‌లో ఐపీ ఇవ్వాలి, డిఫాల్ట్ గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌లకు పోయే దారి) ఖాళీగా వదలాలి, పేర్లకు ఐపీలు చెప్పే డీఎన్‌ఎస్‌లో రిజిస్టర్ అయ్యే టిక్కు తీసేయాలి (తీయకపోతే అప్లికేషన్లు బ్యాకప్ ఐపీ పట్టుకుని లోపలికి రాలేక నిలబడిపోతాయి), బ్యాకప్ సర్వర్‌కు ఆ సబ్‌నెట్‌లో ఉన్న ఐపీకి ఒక పేరు పెట్టి హోస్ట్స్ ఫైల్లో (ఏ పేరుకు ఏ ఐపీ అని సర్వర్ తన దగ్గరే ఉంచుకునే జాబితాలో) రాయాలి. బ్యాకప్ కమాండులో ఆ పేరు ఇస్తే పేరును బట్టి ఐపీ, ఐపీని బట్టి రూటు, రూటును బట్టి కార్డు. ఏళ్ల తరబడి ఈ గొలుసు నమ్మకంగా పనిచేసింది, దాన్ని నమ్మి మళ్లీ చూడటం కూడా చాలామంది మానేశారు.

2012లో ఈ గొలుసు తెగింది. విండోస్ సర్వర్ 2012తో ఎస్‌ఎంబీ 3.0 (విండోస్ నెట్‌వర్క్ షేర్లు వాడే ప్రోటోకాల్) వచ్చింది, దాంట్లో మల్టీచానెల్ అనేది, అంటే ఒకేసారి ఎక్కువ కనెక్షన్లు, కార్డులు వాడుకునే సదుపాయం, మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది. ఇది చేసే పని ఏమిటంటే, ఎస్‌క్యూఎల్ సర్వర్ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్) ఒక నెట్‌వర్క్ షేర్‌కు బ్యాకప్ మొదలుపెట్టగానే మొదటి కనెక్షన్ మీరు చెప్పిన ఐపీకే వెళ్తుంది, ఆ వెంటనే "నీ దగ్గర ఇంకే ఇంటర్‌ఫేస్‌లు ఉన్నాయి, వాటి వేగమెంత" అని అవతలి సర్వర్‌ను అడుగుతుంది, జాబితా వచ్చాక మంచివి ఏరుకుని వాటి మీద కనెక్షన్లు తెరుస్తుంది. రెండు కార్డుల వేగం ఒకటే అయితే ట్రాఫిక్ రెండింటి మీదా పడుతుంది. ప్రొడక్షన్ కార్డు (రోజువారీ అప్లికేషన్ ట్రాఫిక్ వెళ్లేది) 10 గిగాబిట్, బ్యాకప్ కార్డు పాత గిగాబిట్ అయితే ఇంకా దారుణం, వేగమైనది దొరికింది కాబట్టి బ్యాకప్ మొత్తం ప్రొడక్షన్ కార్డు మీదికి వెళ్లిపోతుంది. ఎర్రర్ రాదు. జాబ్ సక్సెస్ అనే చూపిస్తుంది, పైగా ముందుకంటే తొందరగా అయిపోతుంది కూడా, దాంతో ఎవరికీ అనుమానం రాదు. హోస్ట్స్ ఫైల్ సరిగ్గానే ఉంటుంది, రూటింగ్ టేబుల్ సరిగ్గానే ఉంటుంది, బ్యాకప్ కార్డు కౌంటర్లు మాత్రం కదలవు.

దీనికి మందు కూడా మైక్రోసాఫ్ట్ అప్పుడే ఇచ్చింది. పవర్‌షెల్‌లో (విండోస్ కమాండులు ఇచ్చే చోట) మల్టీచానెల్ కన్‌స్ట్రెయింట్ పెట్టి, ఫలానా సర్వర్‌తో మాట్లాడేటప్పుడు ఫలానా ఇంటర్‌ఫేస్ మాత్రమే వాడు అని డేటాబేస్ సర్వర్ మీద చెప్పాలి. ఒక్క లైను పని, పాత సెటప్ పత్రాల నుంచి కాపీ చేసుకుంటూ వచ్చిన చోట్ల మాత్రం ఆ లైను ఉండదు. నా దృష్టిలో ఇప్పటి గొడవకు మూలం ఇదే. వేరే కార్డు పెట్టినా ఉపయోగం కనపడలేదు అని నెట్‌వర్క్ టీమ్ చూపించే గ్రాఫుల్లో కొన్ని, అసలు ఆ కార్డు మీద ట్రాఫిక్ వెళ్లని రోజులవే అయి ఉండొచ్చు.

అదే 2012లో ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఆల్వేస్ ఆన్ అవైలబిలిటీ గ్రూపులు (డేటాబేస్ నకలును ఇంకో సర్వర్‌లోనూ ఉంచే ఏర్పాటు) వచ్చాయి. సింక్రనస్ కమిట్ 2005 నాటి మిర్రరింగ్‌లోనే (నకలు ఉంచే పాత పద్ధతి) ఉన్నా, విస్తృతంగా వాడకంలోకి వచ్చింది వీటితోనే. ఇందులో ప్రైమరీ (అసలు సర్వర్) మీద కమిట్ పూర్తవ్వాలంటే లాగ్ రికార్డు సెకండరీకి (నకలు ఉన్న సర్వర్‌కు) వెళ్లి, అక్కడ డిస్కు మీద పడి, పడ్డట్టు కబురు తిరిగి రావాలి. ఆ దారిలో బ్యాకప్ అడ్డం పడితే బ్యాకప్ ఒక్కటే నెమ్మదించి ఊరుకోదు, ప్రతి కమిట్ ఆగుతుంది. హెచ్‌ఏడీఆర్ సింక్ కమిట్ వెయిట్లు (ఆ కబురు కోసం ఆగే సమయం) పెరుగుతాయి, కమిట్ కాని ట్రాన్సాక్షన్లు లాకులు పట్టుకుని కూర్చుంటాయి, వాటి వెనక ఇంకొన్ని క్యూ కడతాయి, చివరికి అప్లికేషన్‌లో టైమౌట్లు. రాత్రి రెండింటికి ఫోన్ మోగేది డీబీఏకి. పొద్దున నెట్‌వర్క్ గ్రాఫ్ చూస్తే 40 శాతం వాడకం అని ఉంటుంది, ఎందుకంటే అది ఐదు నిమిషాల సగటు, సెకను రెండు సెకన్ల పాటు లైను పూర్తిగా నిండి ప్యాకెట్లు పడిపోయిన సంగతి ఆ సగటులో కలిసిపోతుంది. రెండు పోర్టులు కలిపి బాండింగ్ చేశాం కదా అనే మాట కూడా ఇక్కడ నిలవదు. బాండింగ్‌కు వాడే ఎల్‌ఏసీపీలో ఒక టీసీపీ కనెక్షన్ ఒకే లింకు మీద వెళ్తుంది, ఏది ఏ లింకు మీద పోవాలో తేల్చే హ్యాష్ లెక్కలో బ్యాకప్, రెప్లికేషన్ (సెకండరీకి లాగ్ పంపడం) రెండూ ఒకే లింకు మీద పడితే రెండో లింకు ఖాళీగా చూస్తూ ఉంటుంది.

లైనక్స్ వైపు కథ వేరు. అక్కడ రూటు గమ్యాన్ని బట్టే ఎంచుకుంటుంది, బ్యాకప్ సర్వర్ వేరే సబ్‌నెట్‌లో ఉంటే అడిగింది బ్యాకప్ కార్డు మీద వచ్చినా జవాబు డిఫాల్ట్ గేట్‌వే నుంచి పోతుంది. ఆర్‌పీ ఫిల్టర్ (జవాబు వచ్చిన కార్డు మీదే తిరిగి పోతుందా అని చూసే తనిఖీ) స్ట్రిక్ట్‌గా ఉంటే కెర్నల్ ఆ ప్యాకెట్‌ను వచ్చినప్పుడే పడేస్తుంది. ఐపీ రూల్ కమాండుతో విడి రూటింగ్ టేబుల్ పెడితే సరిపోతుంది, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాళ్లు దాని బ్యాకప్ టూలు పీజీ బేస్‌బ్యాకప్‌కు బ్యాకప్ ఐపీ ఇచ్చి, ఎవరిని రానివ్వాలో రాసే పీజీ హెచ్‌బీఏ ఫైల్లో ఆ సబ్‌నెట్‌కు అనుమతి రాసుకుంటే పని అయిపోతుంది.

నెట్‌వర్క్ టీమ్ వాదనలో ఒక భాగం గట్టిది. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ఎస్‌ఎంబీ లోపం పట్టుకుని ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కు పాకింది. బ్యాకప్ సబ్‌నెట్ అంటే చాలా చోట్ల ఫైర్‌వాల్ లేకుండా అన్ని సర్వర్లనూ కలిపే పక్కదారి, ఎదురు తలుపుకు ఎన్ని తాళాలు వేసినా ఇది తెరిచే ఉంటుంది. క్యూఓఎస్ (ఏ ట్రాఫిక్‌కు ముందు దారివ్వాలో చెప్పే రూల్) పెట్టి ఒకే దారిలో, ఫైర్‌వాల్ చూస్తుండగా పంపిద్దాం అన్నది వాళ్ల మాట.

డీబీఏలు దీన్ని కాదనడం లేదు. పక్కదారికి ఫైర్‌వాల్ పెట్టండి, సర్వర్ల మధ్య పోర్టులు మూసేయండి, ప్రతి డేటాబేస్ సర్వర్ బ్యాకప్ సర్వర్‌తో మాత్రమే మాట్లాడేలా ప్రైవేట్ వీల్యాన్ (స్విచ్‌లోనే సర్వర్లను విడదీసే ఏర్పాటు) చేయండి, కానీ దారి మాత్రం విడిగా ఉంచండి అంటున్నారు. క్యూఓఎస్ గుర్తులు సర్వర్ నుంచి చివరి స్విచ్ దాకా ప్రతి చోటా ఒకేలా ఉంటేనే పనిచేస్తాయి, మధ్యలో ఒక స్విచ్ మార్చినప్పుడు ఆ రూల్ ఎక్కించడం మర్చిపోతే అది బయటపడేది మళ్లీ రాత్రి రెండింటికే. జంబో ఫ్రేముల (మామూలు కంటే పెద్ద ప్యాకెట్ల) విషయంలో ఇది ఇప్పటికే చూశాం. రెండు కొసల్లోనూ ఎమ్‌టీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు, బైట్లలో) 9000 ఉండి మధ్య స్విచ్ 1500 దగ్గర ఆగితే లాగిన్ అవుతుంది, షేర్ మీద బ్యాకప్ ఫైలు కూడా తయారవుతుంది, దాని సైజు మాత్రం పెరగదు. చిన్న ప్యాకెట్లు దాటుతాయి, పెద్దవి దాటవు, పింగ్ చేస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. 8972 బైట్లతో, ముక్కలు చేయొద్దని చెప్పి పింగ్ చేస్తేనే తెలుస్తుంది.

ఈ చర్చలో ఎవరూ పెద్దగా ఎత్తనిది రిస్టోర్ (బ్యాకప్ నుంచి డేటాను తిరిగి తేవడం) సంగతి. సర్వర్ పోయినప్పుడు హడావిడిగా లేపిన కొత్త మెషీన్‌కు బ్యాకప్ కార్డు ఉండదు, హోస్ట్స్ ఫైల్లో ఆ పేరు ఉండదు, బ్యాకప్ సర్వర్ ఫైర్‌వాల్ ఆ సబ్‌నెట్‌ను తప్ప వేరెవరినీ రానివ్వదు. ఆ టెన్షన్‌లో ఎవరో ఒక రూల్ తెరిచి ప్రొడక్షన్ లైను మీదే టెరాబైట్లు లాగుతారు, అది కూడా పట్టపగలు, మిగతా డేటాబేస్‌లు నడుస్తుండగా. కార్డు తీసేయాలన్నా ఉంచాలన్నా ముందు ఒక పూర్తి రిస్టోర్ ఆ ఉమ్మడి లైను మీద పని వేళల్లోనే చేసి, ఆ సేపు పక్క డేటాబేస్ కమిట్ వెయిట్లు సెకను సెకనుకూ తీసి చూపించమని డీబీఏలు అడుగుతున్నారు. ఆ అంకెలు వచ్చేదాకా కార్డు తీయడానికి సంతకం పెట్టబోమంటున్నారు.